మోకాలి చిప్ప పగిలితే ప్లేటు ఎందుకు వేస్తాము?

వానాకాలం మొదలైతే మా ఎముకల వార్డులో మోకాలి చిప్ప పగిలినవారు ఒకరిద్దరైనా ఉంటారు. పాచి పట్టిన బావిగట్టు మీద జారినవారు, మోటారు సైకిల్ మీదినుండి పడినవారు, బస్సు దిగుతూ రోడ్డు మీద మోకాలు మోపినవారు. చాలామంది ముందు నాటు కట్టు కట్టించుకొని ఆలస్యంగా వస్తారు. ఎముక విరిగితే మనవాళ్ళకు మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే కదా! ముక్కలు కదలని చిన్న బీట ఏ కట్టుకైనా అతుక్కోవచ్చు. చిప్ప రెండు ముక్కలైతే సంగతి వేరు.

బావి మీద గిలక తాడుకు ఎలా సహాయపడుతుందో, తొడ కండరానికి చిప్ప అలా సహాయపడుతుంది. అడ్డంగా విరిగితే పై ముక్కను తొడ కండరం పైకి లాగేస్తుంది. పైన ఎంత గట్టిగా కట్టినా ఆ లాగుడు ఆగదు. అందుకే మేము మొదట రోగిని పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమ పైకి లేపమంటాము. లేపలేకపోతే ఆపరేషన్ అవసరమని చాలావరకు అక్కడే తెలుస్తుంది. లేపగలిగి, ఎక్స్‌రేలో ముక్కలు ఎడం కాకుండా ఉంటే 4 నుండి 6 వారాల పిండికట్టు చాలు.

1937లో బ్రూక్ అనే సర్జన్ చిప్ప లేకపోయినా నష్టం లేదని వాదించిన తర్వాత, పగిలిన చిప్పను పూర్తిగా తీసివేసే పద్ధతి బాగా వ్యాపించింది. దానివలన కాలి బలం తగ్గుతుందని తరువాత తేలింది. ఆపైన రెండు పిన్నులు, 8 అంకె ఆకారంలో స్టీలు తీగ వేసి బిగించే పద్ధతి స్థిరపడింది. అది ఇప్పటికీ మంచిదే, ఖర్చూ తక్కువ. కాని చిప్ప మీద చర్మం పలుచన. పిన్నుల కొసలు గుచ్చుకుంటాయి, మళ్ళీ కోసి తీయవలసి వస్తుంది. నాట్లు వేసే స్త్రీలకు, మోకాళ్లూని ప్రార్థించేవారికి అది చిన్న బాధ కాదు.

ప్లేటు పలుచగా ఉంటుంది, చిప్ప వంపుకు తగినట్లు వంచవచ్చు. స్క్రూల తలలు ప్లేటులోనే బిగుసుకుంటాయి గనుక చిప్ప అనేక ముక్కలైనా పట్టు దొరుకుతుంది. ప్రయోగశాల పరీక్షల్లో ఇది తీగకంటే ఎక్కువ లాగుడును తట్టుకుంది. అయితే ఖరీదు ఎక్కువ, అందరికీ అవసరమూ లేదు. షుగరు అదుపులో లేకపోయినా, పొగ త్రాగుతున్నా పుండు మానడం కష్టమవుతుంది. ఈ మాట మేము ఆపరేషన్‌కు ముందే చెబుతాము.

వెన్నుకు మత్తు ఇచ్చి, మోకాలి ముందు నిలువుగా కోసి, ముక్కలు అమర్చి, చిప్ప వెనుక వైపు నునుపుగా కలిసిందో లేదో చూసి ప్లేటు బిగిస్తారు. సర్జన్ పని అంతటితో చాలావరకు అయిపోతుంది. రోగి పని అప్పుడే మొదలవుతుంది.

మరుసటి రోజే తొడ కండరం బిగించి, 5 లెక్కపెట్టి వదలమంటాము. బ్రేసుతో కాలు నిటారుగా ఉంచి, వాకర్ పట్టుకొని నడిపిస్తాము. వంచడం డాక్టరు చెప్పిన మేరకే. చాలామందికి 6 వారాల నాటికి 90 డిగ్రీలు వంగాలని చూస్తాము. ఇక్కడే ఇంటివారి ప్రేమ అడ్డం వస్తుంది. "కాలు కదపకమ్మా, కుట్లు ఊడతాయి" అంటారు. నెల రోజులు కదపని మోకాలు కర్రలా బిగుసుకుపోతుంది. కూలి పని చేసే ఒక సహోదరి మొదటి పది రోజులు ఫిజియోథెరపీ అంటే ఏడ్చేది. రోజూ మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టింది ఆమె అత్తగారే. నాలుగో నెలలో ఆమె పొలానికి వెళ్ళింది. బాసింపట్టు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, కొందరికి అది రాకపోవచ్చు కూడా.

జ్వరం, కోత దగ్గర చీము, పిక్కలో వాపు, నొప్పి కనిపిస్తే రాబోయే చెకప్ తేదీ కోసం ఆగకండి, వెంటనే రండి. ప్లేటు తీయించాలా అని అందరూ అడుగుతారు. బాధ పెట్టకపోతే అవసరం లేదు. బాధ పెడితే ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రేలో చూసిన తర్వాతే తీస్తాము.