వరి వంశపు చిట్టాకు ఉమ్మడి గాదె

చిన్న కమతముగల రైతు తానొక్కడే గిడ్డంగి కట్టుకొనజాలడు. పదిమంది కూడి వాటాలు వేసికొన్నచో గ్రామమంతటికిని గిడ్డంగి యేర్పడును. ఈ సత్యము మన సంఘ సభ్యులకు క్రొత్తది కాదు. మన పైరులను పరిశోధించు శాస్త్రజ్ఞులును ఈ మార్గమునే యనుసరించుచున్నారు. అయితే వారి గాదెలో నిలువయుండునది ధాన్యము కాదు, ధాన్యపు వంశచరిత్ర. అది మన పొలములకెట్లు సంబంధించినదో సోదర రైతులకు విన్నవింపదలచినాము.

ప్రతి వరిగింజలోను డి.ఎన్.ఎ. యను పదార్థము కలదు. అది ఎ, టి, జి, సి అను నాలుగే యక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. మొక్క యెంత యెత్తు పెరుగవలెను, ఏ తెగులును తట్టుకొనవలెను అను లక్షణములకు మూలము ఆ వ్రాతయే. వరిలో ఈ గ్రంథము 12 క్రోమోసోములుగా విభజింపబడి, సుమారు 38 కోట్ల 90 లక్షల యక్షరముల పొడవు కలిగియున్నది. ఇంత వ్రాతను కాగితముపై పోల్చిచూచుట మానవులకు సాధ్యము కాదు, కంప్యూటర్లు కావలెను. ఒక్క ప్రయోగశాల సమకూర్చుకొన్న కంప్యూటర్లును, ఒక్క దేశము సేకరించిన వ్రాతయును చాలవు. కావుననే ఉమ్మడి నిధులు పుట్టినవి.

అట్టి నిధులలో ముఖ్యమైనవి మూడు: అమెరికాలోని జెన్‌బ్యాంకు, ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపమున హింక్స్‌టనులోనున్న ఐరోపా నిధి, జపానులో మిషిమా పట్టణపు నిధి. ఒకచోట జమకట్టిన వ్రాత మిగిలిన రెండుచోట్లకును ప్రతిదినము చేరుచుండును. జమకట్టిన ప్రతి వ్రాతకును ఒక సంఖ్య నిత్తురు. మన గిడ్డంగిలో బస్తాలు దింపినప్పుడిచ్చు రసీదు సంఖ్య వంటిదే యిది. ఆ సంఖ్య తెలిసిన వారెవరైనను ఆ వ్రాతను రుసుము లేకుండ తెచ్చుకొని చదువుకొనవచ్చును.

వరి గ్రంథమును సంపూర్ణముగ చదువుటకు 1998లో జపాను ముందు నిలువగా అంతర్జాతీయ సంఘమొకటి యేర్పడెను. పది దేశములవారు క్రోమోసోములను పంచుకొనిరి. మన దేశపు శాస్త్రజ్ఞులు 11వ క్రోమోసోములో కొంతభాగమును చేపట్టిరి. ఈ పని 2004 డిసెంబరునాటికి ముగిసి, 2005 ఆగస్టులో ప్రకటింపబడెను. మధ్యలో 2002లో సింజెంటా కంపెనీ తాను వేరుగా చదివిన వరి వ్రాతను ఉమ్మడి నిధిలో జమకట్టక, తన చేతనే యుంచుకొని షరతులపై చూపెను. శాస్త్రజ్ఞులలో పెద్ద వివాదము రేగెను. పిమ్మట ఆ కంపెనీయు ఆ వ్రాతను అంతర్జాతీయ సంఘమున కందజేసెను.

దీనివలన రైతునకు కలిగిన లాభమేమని యడుగుట న్యాయమే. మారుటేరున పుట్టిన స్వర్ణ వంగడమును మన రైతులెల్లరు ఎరుగుదురు. అది వరదనీట మునిగినచో నిలువదు. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకము మునిగినను బ్రతుకును. ఆ బలమునకు కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు 9వ క్రోమోసోములో గుర్తించి, 2006లో ప్రకటించిరి. సాధారణపు వరి నీటమునిగినంతనే పైకి సాగుటకై తన సత్తువ నంతయు వ్యయపరచుకొనును. ఈ జన్యువున్న వరి యెదుగుదల నాపి, సత్తువను దాచుకొని, నీరు తీసిన పిమ్మట మరల చిగుర్చును. ఆ గుణమును సంకరముచేత స్వర్ణలోనికి తెచ్చిరి. స్వర్ణ-సబ్1 అను పేర 2009లో మన దేశమున విడుదలయైన ఆ వంగడము ఇంచుమించు రెండువారముల మునుకను తట్టుకొనును.

ఇందొక విశేషము కలదు. మొదట చదివిన జపాను వరియైన నిప్పన్‌బరేలో ఆ జన్యువే లేదు. ఒక్క రకమును చదివినంతమాత్రాన వరి నంతను చదివినట్లు కాదని దీనివలన తేలినది. కావున 89 దేశములకు చెందిన మూడువేలకు పైబడిన వరి రకములను చదివి, ఆ వ్రాతను 2014లో అందరి ముందు నుంచిరి.

అయినను గాదె కట్టుట యొక యెత్తు, నిలుపుట మరియొక యెత్తు. ఆవగింజ జాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్నమొక్క సమాచార నిధికి అమెరికా ప్రభుత్వ ద్రవ్యసహాయము 2013లో ఆగిపోయెను. నాటినుండి ఆ నిధి చందాలపై నడచుచున్నది. క్రొత్త సమాచారము మొదట చందాదారులకును, సంవత్సరము గడచిన పిమ్మట ఎల్లరకును అందుచున్నది. వాటాధనము రానిచో సంఘమేమగునో మనకెల్లరకును తెలిసినదే.

మరియొక ప్రశ్న ఇంతకంటె గురుతరమైనది. నిధిలోని వ్రాతకు మూలమైన విత్తనములను తరతరములుగా కాపాడినవారు రైతులు. వ్రాత నెవరైనను చదువవచ్చును. దానితో లాభము గడించిన కంపెనీ రైతున కేమి యియ్యవలెను? 2024లో కొలంబియాలోని కాలీ నగరమున సమావేశమైన దేశములు, అట్టి కంపెనీలు తమ లాభములో కొంత చెల్లించుట కొక నిధిని ఏర్పరచుటకు నిర్ణయించినవి. ఆ నిధి 2025 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. కాని చెల్లింపు నిర్బంధము కాదు. స్వచ్ఛందపు చందాతో న్యాయము పూర్తిగా జరుగునని మేము నమ్మజాలకున్నాము.

మన దేశమునను 2022లో ఫరీదాబాదున జీవశాస్త్ర సమాచార కేంద్రము స్థాపింపబడినది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే గాదెలోని పద్దు యెంత గొప్పదైనను, గింజ యెవరిదో వ్రాసియుండనిచో హక్కు నిలువదు. మీ గ్రామమున ఇంకను నిలిచియున్న పాతరకముల పేరు, గుణము, సాగుచేయు కుటుంబముల వివరము సంఘపు పుస్తకములో వ్రాసియుంచుడు. 2001వ సంవత్సరపు చట్టము ప్రకారము రైతులు గాని, గ్రామసమాజము గాని తమ వంగడమును నమోదు చేయించుకొనవచ్చును. అందులకు రుసుము లేదు. ఎవరైనను పరిశోధనకై విత్తనము కోరినచో సంతోషముగ నిండు. కాని యిచ్చినట్లు వ్రాతమూలకమైన రసీదు తప్పక తీసికొనుడు. ఉమ్మడి గాదెలో మనము పోసినది మన పేరనే జమయుండుట సహకార ధర్మమునకు ప్రథమ సూత్రము.