మా లాన్‌కు మేము చేసిన వైద్యం

మన వైపు వాకిట్లో గడ్డి మొలిస్తే పీకించేవారు. ఇక్కడ ఒహాయోలో ఇల్లు కొనుక్కున్నాక, వాకిట్లో గడ్డి సరిగా మొలవడం లేదని మందులు కొంటున్నాము. కాలమహిమ! మన సంఘంలో కొత్తగా ఇళ్ళు కొన్నవారు చాలామంది ఉన్నారు కనుక, మేము చేసిన తప్పులు వారికైనా పనికి వస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

మాది ముందూ వెనుకా కలిపి 5,000 చదరపు అడుగుల లాన్. మొదటి వసంతంలో దాని నిండా పసుపుపచ్చని డాండిలయన్ పూలు చూసి మేము ముచ్చటపడ్డాము. పక్కింటాయన పడలేదు. ఆ గింజలు గాలికి ఎగిరి తన లాన్‌లో పడుతున్నాయని మర్యాదగానే చెప్పాడు. సిగ్గుపడి, మరుసటి ఏప్రిల్‌లో క్రాబ్‌గ్రాస్ మొలవకుండా ఆపే గుళికలు, కొత్త గడ్డి విత్తనాలు రెండూ తెచ్చి ఒకే శనివారం చల్లాము. ఆ గుళికలకు మంచి గింజ, చెడ్డ గింజ అనే భేదం లేదు. సంతానం కలగడానికీ, కలగకుండా ఉండడానికీ ఒకే చీటీ మీద మందు రాసినట్లయింది! ఈ సంగతి సంచీ మీద అచ్చువేసే ఉంది. మేము చదవలేదు.

జూలైకల్లా లాన్‌కు బట్టతల వచ్చింది. ఆ ఖాళీల్లో గంగపాయల కూర ఏపుగా అల్లుకుంది. అప్పటికి మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. "ఇంత పాయలకూర వాకిట్లో పెట్టుకుని బజారులో ఆకుకూర కొంటారేమర్రా!" అని ఆశ్చర్యపోయి, పప్పులో వేసి వండేది.

రోగం కనుక్కోకుండా మందు వేస్తున్నామని మాకు అప్పుడు తోచింది. కలుపు రోగం కాదు, లక్షణం. గడ్డి పలచబడి నేలకు ఎండ తగిలిన చోటే కలుపు గింజ లేస్తుంది. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు వారి సలహాతో మట్టి పరీక్ష చేయించాము. పి.హెచ్. 6.5 వచ్చింది, కొనబోయిన సున్నం అక్కరలేదని తేలింది. అసలు జబ్బులు రెండు: బంకమట్టి గట్టిపడిపోవడం, మేము గడ్డిని అంగుళంన్నర ఎత్తుకు గొరిగేయడం.

సగానికి మించి కలుపే గనుక, అంతా చంపి కొత్తగా వేయాలనుకున్నాము. ఆగస్టు మొదట్లో ఒక శనివారం ఉదయం లాన్ అంతటా గ్లైఫోసేట్ కొట్టి హాస్పిటల్‌కు వెళ్ళాము. సాయంత్రం వచ్చేసరికి వంటింట్లో జల్లెడ నిండా తరిగిన గంగపాయల కూర! స్టౌ మీద పప్పు ఉడుకుతోంది. కూర పారబోస్తుంటే అమ్మ చిన్నబోయి, "రెండుసార్లు కడిగానురా" అంది. ఆ మందు ఆకులోకి ఇంకిపోతుంది, కడిగితే పోయేది కాదు. "కొట్టేముందు నాతో ఒక్క మాట అనలేకపోయారా?" అంది. మా దగ్గర జవాబు లేదు. రోగులను "ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు?" అని రోజూ అడిగే వాళ్ళం, మా ఇంట్లో ఉన్న మనిషికి చెప్పలేదు.

తరువాత జరిగింది క్లుప్తంగా చెబుతాము. రెండు వారాలకు, మళ్ళీ పచ్చబడిన చోట్ల మాత్రం ఇంకోసారి కొట్టాము. వారం ఆగి, అద్దెకు తెచ్చిన ఏరేటర్‌తో నేలను గుల్ల చేసి, ఎండుగడ్డి గీకేసి, లేబర్ డే నాడు విత్తనం చల్లాము. మా ప్రాంతంలో ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా మంచి అదను: నేల వెచ్చగా, గాలి చల్లగా ఉంటుంది, కలుపు పోటీ తక్కువ. టాల్ ఫెస్క్యూ రకం వెయ్యి చదరపు అడుగులకు 7 పౌన్ల చొప్పున 35 పౌన్లు పట్టింది. రోజుకు రెండు మూడు సార్లు పైపైన తడిపితే పది రోజులకు మొలకలు కనిపించాయి. కెంటకీ బ్లూగ్రాస్ అయితే మూడు నాలుగు వారాలైనా ఓపిక పట్టాలి. ఇప్పుడు మూడంగుళాలకు తగ్గించి కోయము. ఒక్క కోతలో మూడోవంతుకు మించి తీయము. కొత్త గడ్డిని నాలుగు సార్లు కోసేదాకా కలుపు మందు ముట్టలేదు.

వెనుక కంచె పక్కన పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చోటు మాత్రం మొదటినుంచీ మందు తగలనిది. దాన్ని అమ్మకు వదిలేశాము. అక్టోబరులో ఇండియా వెళ్ళేముందు, ముదిరిన గంగపాయల గింజలు అక్కడ దులిపి వెళ్ళింది. మరుసటి జూన్‌లో అవి చక్కగా మొలిచాయి.

వాకిట్లో కూర కోసుకునేవారికి రెండు మాటలు. తుంచితే తెల్లని పాలు కారేది గంగపాయల కూర కాదు. స్పర్జ్ అనే మొక్క, తినకూడదు. కిడ్నీ రాళ్ళు వచ్చినవారు గంగపాయలి తక్కువగా తినాలి, ఆక్సలేట్ ఎక్కువ. ఇక మందు కొట్టే రోజున ఇంట్లో పెద్దవాళ్ళకూ పిల్లలకూ ముందే చెప్పండి.

కూర కావలసినవారు వేసవి పిక్నిక్‌లో మమ్మల్ని అడగండి. కట్టలు కట్టి తెస్తాము.