నరాల గడ్డలు: స్కాను చెప్పేది, చెప్పనిది

దర్శనానికి వరుసలో నిలిచినవారిలో అప్పుడప్పుడు ఒంటినిండా మెత్తని గడ్డలు, పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు గలవారు కనిపిస్తుంటారు. ప్రక్కవారు కొందరు దూరంగా జరుగుట నేను గమనించాను. ఇది అంటువ్యాధి కాదు. వైద్యులు దీనిని న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకమంటారు. జర్మనీ వైద్యుడు రెక్లింగ్‌హౌసెన్ 1882లో దీనిని వివరించాడు. సుమారు 3,000 మందిలో ఒకరికి వస్తుంది. 17వ క్రోమోజోముపై ఉన్న ఒక జన్యువులోని లోపమే దీనికి మూలం. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. అయితే రోగులలో దాదాపు సగం మందికి తల్లిదండ్రులలో ఎవరికీ ఈ లోపం ఉండదు. సర్పదోషమనీ, కోడలు తెచ్చిన పాపమనీ నిందించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ గడ్డలలో అధికభాగం నిరపాయమైనవే. కాని ఈ వ్యాధి గలవారిలో నూటికి 8 నుండి 13 మందికి జీవితకాలంలో ఏదో ఒక గడ్డ క్యాన్సరుగా మారవచ్చు. లోతైన నరాలను అల్లుకొని పెరిగే పెద్ద గడ్డలే ఎక్కువగా అట్లు మారుతాయి. ఆగని నొప్పి, ముఖ్యంగా నిద్ర చెడగొట్టే నొప్పి, గడ్డ త్వరగా పెరుగుట, మెత్తనిది గట్టిపడుట, చేయి గాని కాలు గాని కొత్తగా బలహీనపడుట దీని లక్షణాలు. "చిన్ననాటి నుండి ఉన్నదే గదా" అని ఉపేక్షించుటే అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

లోపలి మార్పును చేతితో తాకి తేల్చుట కష్టం. ఎమ్మారై గడ్డ ఎంత ఉన్నదో, ఏ నరాన్ని పట్టుకొన్నదో చూపుతుంది. దానిలో రేడియేషన్ ఉండదు. పెట్ స్కాను మార్గం వేరు. క్యాన్సరు కణాలకు చక్కెరపై ఆకలి మెండు. అందుచేత స్వల్ప రేడియోధార్మికత గల గ్లూకోజును సూదితో ఎక్కించి, శరీరంలో అది ఎక్కడ ఎక్కువగా చేరినదో చిత్రిస్తారు. ఆ రేడియోధార్మికత సుమారు 110 నిమిషాలకొకమారు సగమవుతుంది.

ఇక్కడ నాకు తర్కపాఠం జ్ఞప్తికి వస్తుంది. పొగను చూచి నిప్పును ఊహించవచ్చు. నిప్పును చూచి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ ఏదీ? పెట్ స్కానులోని వెలుగూ ఇట్టిదే. వాపు ఉన్న చోటా, కొన్ని నిరపాయమైన గడ్డలలోనూ వెలుగు కనిపిస్తుంది. చక్కెర ఎంత చేరినదో అంకెలో చెబుతారు, 3.5 దాటితే సందేహించే పద్ధతి ఒకటి ఉన్నది. కాని అంకె నిర్ణయం కాదు, అనుమానం మాత్రమే. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుటే ప్రత్యక్షం. అట్లని స్కాను వ్యర్థమనరాదు. పెద్ద గడ్డలో ఒక మూల నిరపాయంగాను, మరొక మూల విషమంగాను ఉండవచ్చు. మిక్కిలి వెలిగిన చోటు నుండే ముక్క తీయాలని చూపేది స్కానే.

మా అక్కగారి మనుమనికి తొడలోని పాతగడ్డ రాత్రిళ్ళు సలుపుట మొదలైనది. స్కానులో వెలుగు చూచి ఇల్లంతా శోకించింది. ముక్క పరీక్షలో క్యాన్సరు కాదనీ, ఆ దారి పట్టబోతున్న మధ్యస్థితి అనీ తేలింది. శస్త్రచికిత్సతో తీసివేశారు. ఇప్పుడు ఉద్యోగం చేసుకొంటున్నాడు. పరీక్షలకు మాత్రం క్రమంగా వెళ్ళవలసిందే.

వెళ్ళేవారికి ఒకటి రెండు మాటలు. పెట్ స్కానుకు ముందు సుమారు ఆరు గంటలు ఉపవాసం, మంచినీరు త్రాగవచ్చు. తీపి ప్రసాదం, కొబ్బరినీరు కూడా పరీక్ష ముగిసిన పిమ్మటే. మధుమేహం గలవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎమ్మారైకి మొలత్రాడు వెండిది, తాళిబొట్టు, గాజులు తీసివేయమంటారు. సంకోచించక తీసి ఇంటివారికి ఇవ్వండి. పెట్ స్కాను జరిగిన రోజున కొన్ని గంటలపాటు పసిబిడ్డలను ఎత్తుకొనరాదు, గర్భిణుల చెంత కూర్చొనరాదు.