టీబీ మందులు, టీబీ కాని క్రిములు

తెమడ పరీక్షలో మైక్రోస్కోపు కింద ఎర్రటి కడ్డీల్లాంటి క్రిములు కనబడ్డాయి. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష మాత్రం టీబీ లేదంటోంది. రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. నీళ్లలో, మట్టిలో, షవరు గొట్టాల లోపలి జిగురుపొరలో బతికే టీబీ కాని మైకోబాక్టీరియా, అంటే ఎన్‌టీఎం క్రిములు టీబీ క్రిమికి దాయాదులు. అవి ఊపిరితిత్తుల్లో చేరినా అదే దగ్గు, ఎక్స్‌రేలో అలాంటి మచ్చలే. మన దేశంలో ఇలాంటి రోగులు కొందరు మొండి టీబీ అనే ముద్ర వేయించుకుని నెలల తరబడి అక్కరలేని మాత్రలు మింగుతారు.

దాయాదులే కదా, టీబీ మందులకు లొంగవా? కొన్ని లొంగుతాయి. మైకోబాక్టీరియం కన్సాసీకి రిఫాంపిసిన్ బాగానే పనిచేస్తుంది. అబ్సెసస్ అనే ఇంకో ఎన్‌టీఎం దగ్గర ఆ పప్పులుడకవు. దాని దగ్గరున్న ఒక ఎంజైము రిఫాంపిసిన్ అణువుకు రసాయన తోక తగిలించి, పనికిరాకుండా చేస్తుంది. మందు రంగుకు రోగి మూత్రం మాత్రం యథావిధిగా ఎర్రబడుతుంది. ప్రెటోమానిడ్ అనే మరో టీబీ మందు సంగతి ఇంకా విచిత్రం. మింగేటప్పటికి అది పూర్తి మందు కాదు. క్రిమి తన ఎంజైముతో తానే దాన్ని విషంగా మార్చుకోవాలి. టీబీ క్రిమి ఆ పని చేసి చస్తుంది. అబ్సెసస్‌కు అంత అమాయకత్వం లేదు.

అందుకే పరిశోధకులు ప్రతి టీబీ మందునూ ఉన్నదున్నట్టు తెచ్చి వాడేయరు. అది క్రిమిలో దేనిమీద దెబ్బకొడుతుందో దాన్ని పట్టుకుని, అణువును మారుస్తారు. లేదా అదే కుటుంబంలో ఇంకో మందు వెతుకుతారు. రిఫాంపిసిన్ ఓడిన అబ్సెసస్ మీద, ప్రయోగశాలలో, దాని బంధువు రిఫాబ్యూటిన్ మెరుగ్గా పనిచేసింది. బెడాక్విలిన్ క్రిమికి శక్తినిచ్చే ఏటీపీ తయారీని ఆపుతుంది. ఈ టీబీ మందును మొదట పసిగట్టింది స్మెగ్మాటిస్ అనే ఎన్‌టీఎం మీద చేసిన పరీక్షల్లోనే. ఇప్పుడు దాన్ని ఎన్‌టీఎం మీద వాడిచూడటం కొత్త ఆలోచన అంటున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ తిరిగింది క్లోఫాజిమిన్. 1950లలో డబ్లిన్‌లో విన్సెంట్ బ్యారీ బృందం టీబీ కోసమే దాన్ని తయారుచేసింది. ఎలుకల్లో బాగుంది, గినీ పిగ్గుల్లో తేలిపోయింది. దాంతో పక్కనపడింది. తర్వాత కుష్ఠు చికిత్సలో స్థిరపడి, దశాబ్దాలకు మొండి టీబీకి మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఏవియం అనే మరో ఎన్‌టీఎం, అబ్సెసస్‌ల మీద కూడా డాక్టర్లు రాస్తున్నారు. ఒక చిక్కు రంగుతో: ఒళ్లు ఎరుపుతో కలిసిన నలుపుకు తిరుగుతుంది, మందు ఆపాక కూడా నెలల తరబడి పోదు. చికిత్స మొదలుపెట్టే ముందే రోగికి ఆ మాట చెప్పాలి. తెమడ కల్చర్ నెగటివ్ వచ్చాక కూడా మరో ఏడాది మందులు వాడాలన్న మాట కూడా అప్పుడే చెప్పాలి.