మీకు తెలుసా? చేట పైకెత్తే భుజం

అనంతపురం చేలల్లో వేరుశనగ చెట్టు పీకేటప్పుడు చేతిని కిందినుంచి వెనక్కి లాగే పెద్ద కండరం లాటిసిమస్ డార్సీ. నడుము దగ్గర మొదలై జబ్బ ఎముక పైభాగానికి అతుక్కుంటుంది. వాన మొహం చాటేసి నేల గట్టిపడితే దానికి ఎంత శ్రమో చెప్పక్కర్లేదు.

కాయలు తూర్పారబట్టడానికి చేట తలపైకెత్తడం ఇంకో సంగతి. చేతిని పైకి లేపే బలం ముఖ్యంగా డెల్టాయిడ్‌ది. కానీ భుజం గూడు లోతు తక్కువ. జబ్బ ఎముక గుండు అందులో సాసర్‌లో నిమ్మకాయలా ఉంటుంది. అది జారకుండా సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు చిన్న కండరాలు గుండును గూటిలోకి అదిమిపెడతాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. నా దృష్టిలో అసలు కష్టం వీటిదే!

చెయ్యి పూర్తిగా పైకి లేవాలంటే రెక్క ఎముక కూడా తిరగాలి. 180 డిగ్రీల్లో దాదాపు 60 డిగ్రీలు దానివే. ట్రెపీజియస్, సెరాటస్ యాంటీరియర్ దాన్ని తిప్పుతాయి.

చెయ్యి పక్కకు ఎత్తుతుంటే 60 నుంచి 120 డిగ్రీల మధ్యే నొప్పి పుడుతోందా? సుప్రాస్పైనేటస్ స్నాయువు ఒరుసుకుపోతూ ఉండొచ్చు. మర్దనతో సరిపెట్టుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.