ఒక్క ఎముక... ఓ రాకాసి బల్లి!

కొంపల్లిలో జాతీయ రహదారి ఎక్కి మేడ్చల్ దాటి ఉత్తరంగా పోతూ ఉంటే నిర్మల్ వస్తుంది. పొణికి చెక్కతో పండ్లూ పక్షులూ జంతువులూ చేసే బొమ్మల ఊరు. అలా కాకుండా శామీర్‌పేట వైపు తిరిగి రాజీవ్ రహదారి అందుకుంటే ఆ దారి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా వెళ్లి గోదావరి దాటించి మంచిర్యాలలో దించుతుంది. అటువైపు నేలలో ఉన్నవి బొమ్మలు కావు, అసలువే... డైనోసార్ల ఎముకలు!

1970ల చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర 840 ఎముకలు దొరికాయి. కనీసం 12 జంతువులవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి.యాదగిరి 1988లో వాటికి 'కోటాసారస్' అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే పెద్ద అస్థిపంజరం అదే. అయితే అది పాపం ఆకులూ అలములూ తినే జీవి. పిల్లల ప్రశ్న ఎప్పుడూ ఒకటే... 'మరి మాంసం తినేది ఏదీ?'

దానికీ జవాబుంది, కాకపోతే చాలా చిన్నది. గోదావరి లోయలోని ఆ కోట శిలల్లోనే దొరికిన ఓ మాంసాహారికి యాదగిరి 1982లో 'దండకోసారస్ ఇండికస్' అని పేరు పెట్టారు. వింటుంటేనే దండకారణ్యం గుర్తొస్తుంది కదూ! ఆధారం మాత్రం తుంటి భాగంలోని ఒక ఎముక ముక్క. తల లేదు, కోరల్లేవు, గోళ్లు లేవు. ఇంత తక్కువ ఆధారంతో ప్రత్యేకంగా ఒక పేరు నిలుస్తుందా అన్న సందేహం కూడా శాస్త్రవేత్తలకు ఉంది. అలాంటి జంతువును కంప్యూటర్ తెరమీద కళ్లకు కట్టినట్టు చెక్కాలంటే? ఎక్కడ మొదలుపెట్టాలి... అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడ ఆగాలి?

డిజిటల్ శిల్పికి ఉలీ మట్టీ అక్కర్లేదు. ఒక పెన్ టాబ్లెట్, 1999లో వెలుగుచూసిన జీబ్రష్ లాంటి సాఫ్ట్‌వేరో ఉచితంగా దొరికే బ్లెండరో ఉంటే చాలు. తెరమీద ముద్దలాంటి ఓ గుండ్రటి రూపం ఉంటుంది. పెన్ను గట్టిగా ఒత్తితే లోతుగా గాడి పడుతుంది, తేలిగ్గా రాస్తే కాస్త కండ పెరుగుతుంది. ఎడమ కన్ను చెక్కుతుంటే కుడి కన్ను తనంతట తానే తయారవుతుంది. తప్పుచేస్తే ఒక్క మీట నొక్కితే వెనక్కి! ధూల్‌పేటలో వినాయకుడి తొండం విరిగితే ఈ సుఖం ఎక్కడిది?

కానీ నిజమైన జంతువులా కనిపించాలంటే చర్మంతో మొదలుపెట్టకూడదు. ముందు ఎముకలు, వాటిమీద కండరాలు, ఆ తర్వాతే చర్మం. కండ ఎముకను పట్టుకున్నచోట గరుకు గుర్తులుంటాయి. దవడ వెనక ఎంత కండ ఉండాలో పుర్రెలోని ఖాళీలే చెబుతాయి. అవీ చెప్పనిచోట బతికున్న చుట్టాలను అడగాలి. డైనోసార్లకు ఒకపక్క మొసలి, మరోపక్క పక్షులు దగ్గరి బంధువులు. ఆ రెండింట్లోనూ ఉన్న లక్షణం వీటికీ ఉండి ఉంటుందని ధైర్యంగా అనుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే నాటుకోడి కాళ్లమీద పొలుసుల్ని ఓసారి పరీక్షగా చూడండి!

అదృష్టం బాగుంటే నేలే అన్నీ ఇస్తుంది. అమెరికాలోని దక్షిణ డకోటాలో 1990లో దొరికిన టి.రెక్స్ 'స్యూ' పరిమాణంలో దాదాపు 90 శాతం ఉంది. పొడవు 12 మీటర్ల పైచిలుకు. ఆ ఎముకలను స్కానింగ్ చేసి, కంప్యూటర్‌లో వాటిచుట్టూ కండ పేర్చి కొలిస్తే బతికున్నప్పుడు 9 టన్నులపైనే తూగేదని 2011లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే ఇక్కడ శిల్పం అందం కోసమే కాదు, తూకం వేసే త్రాసు కూడా. పొట్ట దగ్గర పెన్ను కాస్త ఎక్కువ తిరిగిందా... టన్నుల్లో తేడా వచ్చేస్తుంది.

అన్ని ఎముకలున్నా వాదాలు ఆగవు. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' చూసినవాళ్లకు టి.రెక్స్ అంటే నోరు మూసినా బయటికి కనబడే కోరలే. వాటిని పెదవులు కప్పి ఉండేవని 2023లో ఓ పరిశోధన తేల్చింది. కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ సినిమాలో పిల్లల్ని వంటగదిలో తరిమే వెలాసిరాప్టర్ నిజానికి సీమకోడి అంత. 2007లో దాని ముంజేతి ఎముకమీద ఈకలు నాటుకున్న బుడిపెలు కనిపించాయి. అరచేతులు నేలకేసి వేలాడదీయడం మరో పొరపాటు. వేటాడే డైనోసార్ల చేతులు చప్పట్లు కొట్టేటట్టు లోపలికి తిరిగి ఉండేవి. పాత బొమ్మల్ని చూసి కొత్త బొమ్మ చేసేవాళ్లు పాత తప్పుల్నీ కలిపి చెక్కేస్తారు.

మన దేశపు వేటగాళ్లలో గుజరాత్‌వాడు 'రాజాసారస్' కాస్త నయం. 1980ల్లో రహియోలీలో దొరికిన ఎముకలకు 2003లో ఆ పేరు పెట్టారు. తలమీద పొట్టి కొమ్ము ఉండేదని పుర్రె భాగమే చెబుతోంది. దానిమీద తొడుగు ఎంత పొడవుండేదో, ఏ రంగో శిల్పి దయ. పొడవు మొదట 9 మీటర్ల దాకా అన్నారు, తర్వాతి లెక్కల్లో 6.6కు తగ్గింది. అంతకుముందు చేసిన బొమ్మలన్నీ ఆ లెక్కన కుదించుకోవాల్సిందే!

గోదావరి లోయలో ఇంకో హెచ్చరిక కూడా ఉంది. మలేరి శిలల్లో దొరికిన ఓ చిన్న డైనోసార్‌ను 1987లో శంకర్ ఛటర్జీ వర్ణించారు. తర్వాత దాని పేరు 'అల్వాకేరియా' అయింది. ఆ ఎముకలన్నీ ఒకే జంతువువి కావని తర్వాతి పరిశోధకులు అన్నారు. వాటిని నమ్మి ఎంత శ్రద్ధగా బొమ్మ చేసినా అది మేక తలా గొర్రె ఒళ్లూ అతికించిన చందమే.

తెలుగువాళ్లకు తెరమీద జీవిని చెక్కడం కొత్తేమీ కాదు. 2012లో 'ఈగ'ను నడిపించింది హైదరాబాద్‌లోని మకుట సంస్థే. అయితే ఈగను సీసాలో పట్టి భూతద్దంలో చూడొచ్చు. దండకోసారస్‌ను అలా చూడలేం. ఆ కాలపు బంధువుల నుంచి పుర్రె అరువు తెచ్చి, కాళ్లు అరువు తెచ్చి, తోక అరువు తెచ్చి నిలబెట్టొచ్చు. బొమ్మ బ్రహ్మాండంగానే వస్తుంది. చూసే పిల్లాడికి మాత్రం ఏది దొరికిందో, ఏది ఊహించారో తెలియదు.

దీనికి మ్యూజియంల వాళ్లు ఎప్పట్నుంచో పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. అసలు ఎముకకు ఒక రంగు, అతికించినదానికి మరో రంగు. కంప్యూటర్‌లో ఇది ఇంకా తేలిక. ఊహించిన భాగాలను ఒక పొరలో, దొరికినదాన్ని మరో పొరలో ఉంచి, కావాలనుకున్నప్పుడు చర్మం తీసేసి చూపించొచ్చు. ఆ లెక్కన మన గోదావరి వేటగాడిని చెక్కితే ముక్కు నుంచి తోకదాకా అంతా బూడిదరంగే. తుంటి దగ్గర మాత్రం తెల్లగా, చిన్న ముక్క.