డాలరుకు 6 క్యాట్‌లు: పజుండౌంగ్ పాయ ఒడ్డున ఒక దేశం లెక్క

యాంగాన్ నడిబొడ్డు నుంచి తూర్పుకు నడిస్తే ఊరు ఒక నీటిపాయ దగ్గర ఆగుతుంది. ఆ పాయ పేరు పజుండౌంగ్, ఒడ్డున ఉన్న పేట పేరూ అదే. వందేళ్ళ కిందట ఈ పాయ పొడవునా బియ్యం మిల్లుల పొగగొట్టాలు వరసగా కనిపించేవి. ఐరావతి డెల్టా నుంచి వడ్ల పడవలు నేరుగా మిల్లు గుమ్మంలోకే వచ్చేవి. ఆ వడ్ల ఊకే బాయిలర్లలో మండి మిల్లును నడిపేది. బస్తాలు మోసినవాళ్ళలో మన గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల కూలీలు వేలమంది. మన ఊళ్ళలో ‘రంగం వెళ్ళాడు’ అంటే యాంగాన్ పాత పేరైన రంగూన్‌కే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో బర్మావాళ్ళు మనవాళ్ళను ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

ఇప్పుడు, ఆ బర్మాకే కొత్త పేరైన మయన్మార్‌కు డాలర్లు తెచ్చే పెద్ద పద్దుల్లో ఒకటి సముద్రం అడుగున ఉన్న సహజవాయువు. సరుకు మారినా అడగవలసిన ప్రశ్న అదే: నేల ఇచ్చినదానికి ధర ఎవరు కడుతున్నారు? అసలు విలువకూ కట్టిన ధరకూ మధ్య తేడా ఎవరి చేతిలో ఆగుతోంది? ఒక దేశంలో ఆర్థిక సంస్కరణ నిజంగా జరిగిందో లేదో తెలియాలంటే ఈ తేడాను కొలవాలి. అందుకు కొన్ని అంకెలు చాలు.

1,62,000 టన్నుల నుంచి 30 లక్షల టన్నులకు

బ్రిటిష్‌వాళ్ళు 1852లో దిగువ బర్మాను ఆక్రమించారు. 1855లో అక్కడి నుంచి ఎగుమతి అయిన బియ్యం సుమారు 1,62,000 టన్నులు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్ మార్కెట్ దగ్గరైంది. 20వ శతాబ్దం మొదటి దశకానికి ఎగుమతి 20 లక్షల టన్నులకు, 1930ల నాటికి దాదాపు 30 లక్షల టన్నులకు చేరింది. డెల్టాలో అడవులు, చిత్తడి నేలలు కొట్టి వరి వేశారు. 1850ల్లో దాదాపు 10 లక్షల ఎకరాలున్న సాగు 80 లక్షల ఎకరాలు దాటింది. 1900లో 80కి పైగా ఉన్న మిల్లులు 1930కి 600 మించాయి.

అంకెలు చూస్తే ఆధునికీకరణ అంటే ఇదే అనిపిస్తుంది. ఆవిరి యంత్రాలు, రేవు, రైలు, బ్యాంకులు అన్నీ వచ్చాయి. కానీ దేశం మొత్తం ఒక్క పంట మీద నిలబడింది. ఆ పంట కొనుగోలు కొద్దిమంది గుప్పిట్లో ఉండేది. 1921లో నాలుగు పెద్ద యూరోపియన్ కంపెనీలు కలిసి ‘బులింజర్ పూల్’ అనే కూటమి కట్టాయి. పోటీపడి ధర పెంచే బదులు కూడబలుక్కుని కొనడమే దాని పని.

ఏడాదిలో 4 లక్షల మంది

వడ్లు ఇంత పండితే వాటిని మర పట్టాలి, ఓడకెక్కించాలి. ఆ చేతులు బంగాళాఖాతం ఇవతలి నుంచి వెళ్ళాయి. 1927లో ఒక్క ఏడాదే 4 లక్షల మందికి పైగా ఓడల్లో బర్మా చేరారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభా 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు.

వీళ్ళను తీసుకెళ్ళింది మేస్త్రీలు. ఓడ టికెట్టుకు, ఇంటి ఖర్చుకు మేస్త్రీ ముందే బయానా ఇచ్చేవాడు. రంగూన్‌లో కూలి కూడా అతని చేతుల మీదుగానే అందేది. కాబట్టి అప్పు తీరేదాకా కూలీకి తన కూలి ఎంతో తేల్చుకునే హక్కు ఉండేది కాదు. పొలంలో వడ్ల ధర రైతు చేతిలో లేనట్టే, మిల్లులో చెమట ధర కూలీ చేతిలో లేదు.

6 శాతం నుంచి 25 శాతానికి

1930లో ప్రపంచ మాంద్యం తాకగానే వడ్ల ధర ఏడాది తిరిగేలోపు సగానికి పడిపోయింది. అప్పు మీద సాగుచేసిన రైతు కట్టలేకపోయాడు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో 6 శాతం భూమి వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలో ఉండేది. 1937–38 నాటికి అది 25 శాతమైంది. ఎవరూ యుద్ధం చేయలేదు, ధర ఒక్కటి పడింది, దాదాపు ఐదో వంతు నేల చేతులు మారింది.

మాంద్యం తాకిన ఆ ఏడాదే రేవులోనూ కోపం రగిలింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను దించారు. తెలుగు కూలీలతో రాజీ కుదిరాక బర్మా కూలీలను పొమ్మన్నారు. ఆ మంటలో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరు పేదవాళ్ళను ఒకే పని కోసం ఎదురెదురుగా నిలబెట్టిన లెక్క వేరొకరిది. దెబ్బలు తిన్నది మాత్రం వాళ్ళిద్దరే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. కొండదారుల్లో కాలినడకన వచ్చినవాళ్ళలో వేలమంది దారిలోనే రాలిపోయారు.

100 బుట్టలకు 300

1948లో స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ కంపెనీల స్థానంలో ప్రభుత్వ వ్యవసాయ మార్కెటింగ్ బోర్డు నిలిచింది. ఉద్దేశం మంచిదే. దేశపు బియ్యం లాభం దేశ నిర్మాణానికి వాడాలనుకున్నారు. కానీ రైతుకు 100 బుట్టల వడ్లకు దేశ కరెన్సీలో సుమారు 300 చొప్పున కట్టిన ధర పదేళ్ళకు పైగా దాదాపు కదలలేదు. బుట్టంటే మన లెక్కలో సుమారు 21 కిలోలు. కొరియా యుద్ధ కాలంలో ప్రపంచ మార్కెట్‌లో బియ్యం ధర ఎగసినా ఆ పెరుగుదల డెల్టా రైతు గాదె దాకా రాలేదు.

1962లో సైన్యం అధికారం తీసుకుంది. మిల్లులు, దుకాణాలు, బ్యాంకులు జాతీయమయ్యాయి. 1964లో 50, 100 క్యాట్‌ల నోట్లు రద్దయ్యాయి. ఆ ఏళ్ళలో సుమారు 3 లక్షల మంది భారతీయులు తిరిగొచ్చారు. విశాఖ బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు. ఎక్కువ పండిస్తే ఎక్కువ మిగలదని తెలిసిన రైతు ఎందుకు పండిస్తాడు? ఒకనాడు ప్రపంచంలోనే పెద్ద బియ్యం ఎగుమతిదారుగా ఉన్న బర్మా 1987లో ఐక్యరాజ్యసమితి దగ్గర అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశంగా నమోదైంది.

డాలరుకు 6

1998లో యడానా క్షేత్రం నుంచి థాయ్‌లాండ్‌కు గ్యాస్ అమ్మకం మొదలైంది. 2013లో ష్వే క్షేత్రం గ్యాస్ చైనాకు చేరింది. బియ్యానికి లక్షల చేతులు కావాలి, గ్యాస్‌కు గొట్టం చాలు. అందుకే దాని లాభం ఎటు పోతుందో ఊళ్ళో ఎవరికీ కనిపించదు.

ఇక్కడే ఈ కథలోని ముఖ్యమైన అంకె ఉంది. 2012 దాకా అధికారిక మారకం రేటు డాలరుకు సుమారు 6 క్యాట్‌లు. బజారులో అదే డాలరు 800, 1,000 పలికేది. గ్యాస్ ఆదాయాన్ని ప్రభుత్వ పద్దులో 6 చొప్పున రాస్తున్నారని ఆస్ట్రేలియా ఆర్థికవేత్త షాన్ టర్నెల్ పదేపదే చూపించారు. లెక్క వేసి చూడండి. 100 కోట్ల డాలర్లు వస్తే, 6 చొప్పున బడ్జెట్‌లో కనిపించేది 600 కోట్ల క్యాట్‌లు. 818 చొప్పున రాస్తే 81,800 కోట్లు. అంటే నూటికి ఒక్కటి కూడా పద్దులో కనబడలేదు. బడికి, ఆసుపత్రికి డబ్బు లేదని చెప్పిన బడ్జెట్ ఈ పద్దుతో తయారైనదే.

818 అన్న రోజు

ఆ 818 ఊహించిన అంకె కాదు. 2012 ఏప్రిల్‌లో మయన్మార్ పాత రేటును వదిలి, కేంద్ర బ్యాంకు తొలి సూచిక రేటుగా 818 ప్రకటించింది. 2011లో మొదలైన సంస్కరణల్లో నా దృష్టిలో అతి పెద్దది ఇదే. ఒక్క అంకె సరిచేయగానే దాగిన ఆదాయం పద్దులోకి వచ్చింది. తర్వాత మిగతావి వచ్చాయి: 2012 నవంబరులో విదేశీ పెట్టుబడి చట్టం, 2013లో కేంద్ర బ్యాంకుకు కొత్త చట్టం, సుమారు 600 కోట్ల డాలర్ల అప్పు ఊరట, 2015లో తిలావా ప్రత్యేక ఆర్థిక మండలి. ఒకప్పుడు వెయ్యి డాలర్లకు పైగా పలికిన సిమ్ కార్డు 2014లో 1,500 క్యాట్‌లకు దొరికింది. దుస్తుల కుట్టుబడి ఫ్యాక్టరీల్లో 5 లక్షల మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళకు, పని దొరికింది. గొట్టం ఇవ్వలేని ఉపాధి అది.

18 శాతం, మళ్ళీ రెండు రేట్లు

2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 18 శాతం కుంగిందని ప్రపంచ బ్యాంకు అంచనా. టర్నెల్‌నే జైల్లో పెట్టి 2022 నవంబరులో వదిలారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ డబ్బును డాలరుకు 1,850 చొప్పున మార్చాలని ఆదేశం వచ్చింది, ఆగస్టులో రేటు 2,100 అయింది. 2024 నాటికి బజారులో డాలరు 4,000 దాటింది. బియ్యం ఎగుమతిదారు తన డాలర్లలో ప్రభుత్వం కోరిన వాటాను తక్కువ రేటుకు ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వాటా తర్వాత తగ్గించారు గానీ రెండు రేట్ల పద్ధతి తిరిగొచ్చింది. ఎగుమతిదారు ఆ నష్టాన్ని తన మీద ఉంచుకోడు, వడ్లు కొనే ధరలో కోస్తాడు.

100 బుట్టలకు 300 అన్నా, డాలరుకు 6 అన్నా, 2,100 అన్నా జరిగేది ఒకటే. ఎవరూ పన్ను అని పేరు పెట్టరు, ఎవరూ చట్టసభలో చర్చించరు, రైతు మాత్రం కడతాడు. ఒక దేశం సంస్కరణలు చేస్తోందని వార్త చదివినప్పుడు కొత్త భవనాలు, కొత్త మండళ్ళు లెక్కపెట్టే ముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: పద్దులో రాసిన ధర, బజారులో పలికే ధర. పజుండౌంగ్ పాయలోకి వడ్లు పడవలో తెచ్చిన రైతుకు, ఆ బస్తా భుజాన మోసిన మన కూలీకి తెలియకుండా దాచింది ఆ రెండో అంకెనే.